ఏడో బంకర్ తలుపు

మా ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా గోడలకేసి చూడరు. కాఫీ ఇస్తే తాగుతారు, కిటికీలోంచి సముద్రం చూస్తారు, పిల్లల ఫొటోలు చూస్తారు. గోడ చెక్క అంత మందం ఎందుకుందని గానీ, మెట్ల పక్క పట్టుకునే గొట్టం ఎక్కడిదని గానీ అడగరు. రెండో ప్రపంచ యుద్ధం ఆఖర్న జర్మన్లు వెనక్కి పోతూ ఊరంతా తగలబెట్టి, జనాన్ని పడవలెక్కించి దక్షిణానికి తోలేశారు. మరుసటి వేసవిలో తిరిగొచ్చినవాళ్ళకి నిలబడి కనిపించినవి పొగగొట్టాలు, కొండకొమ్ము మీద జర్మన్లు కట్టిన కాంక్రీటు బంకర్లు, అంతే. ఇంత ఉత్తరాన, మా వైపు చలికి చెట్టనేది మొలవదు. చలికాలం లోపల ఇల్లు లేవాలి. ఎవరు ఏ బంకర్లోంచి ఏం ఊడదీసుకొచ్చారో ఎవరూ ఎవర్నీ అడగలేదు. యాభై ఏళ్ళు దాటినా అడగరు. మా ఇంటి దూలం కూడా అక్కడిదే, ఇంతకు మించి చెప్పను.

ఆ మర్యాద మారెన్ తప్పింది. తప్పినట్టు ఆమెకి నాలుగు నెలల దాకా తెలియలేదు.

మారెన్ మా బడిలో వంటమనిషి. వయసు యాభై నాలుగు. పిండి చేత్తో తీసి పొయ్యదు, తూకం వేస్తుంది. అక్టోబర్లో జిల్లా కేంద్రం నుంచి పాత కట్టడాల ఆఫీసువాళ్ళు బంకర్లు లెక్కపెట్టడానికి ఊరి మనిషి కావాలని అడిగితే, అందరూ ఆమె పేరే చెప్పారు. పద్నాలుగు బంకర్లు, పద్నాలుగు కాగితాలు. పొడవెంత, వెడల్పెంత, ఏమేం పోయాయి, పోయినవి ఇప్పుడెక్కడున్నాయి. టేపు ఒక కొసని రాయి కింద అదిమి, రెండో కొస పట్టుకుని ఒక్కతే కొలిచింది. జర్మన్లు మిగతా వాటిని పేల్చేసి పోయారు. ఏడోదానికి పెట్టిన మందు అంటుకోలేదు, అందుకని అది ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంది. తలుపు మాత్రం లేదు. ఆ తలుపెక్కడుందో రోడ్డు మీద పోయే పాలబండివాడికి కూడా తెలుసు. ఎర్రరంగు వేసి నిల్లాస్ గొర్రెల కొట్టానికి ఉంది. మారెన్ అదే రాసింది. లోపల మూడు వైపులా గోడ చెక్కలు లేవు. అవెక్కడున్నాయన్న గడిలో "తెలియదు" అని రాసింది. మిగతా పదమూడింట్లో పోయిన చెక్కలకీ, గొట్టాలకీ, పొయ్యిలకీ కూడా "తెలియదు" అనే రాసింది.

అబద్ధం రాస్తున్నానని ఆమెకి తట్టనే లేదు. నిల్లాస్ సామీ అనే ఆదివాసీ జాతివాడు, ఇల్లు వంతెన అవతల. అతని గోడకేసి చూడటం తప్పని మాలో ఎవరికీ ఎప్పుడూ అనిపించలేదు.

ఫిబ్రవరి మొదటి సోమవారం, బడి పిల్లలు తిని వెళ్ళాక, మారెన్ గిన్నెలు తోముతుంటే నిల్లాస్ వచ్చాడు. అరవై దాటాయి అతనికి, అయినా మనిషి బిగువు. గుమ్మంలో పట్టా మీదే నిలబడి టోపీ తీసి, బూట్లకంటిన మంచు దులుపుకున్నాడు. లోపలికి రాలేదు.

"అమ్మాయ్, మంచు మీద లాగే నీ పొడుగు స్లెడ్జి రెండ్రోజులు కావాలి. నాది పొట్టిది, సరిపోదు."

"తీసుకెళ్ళు. ఏం మొయ్యాలి?"

"తలుపు."

కోటు జేబులోంచి ఉత్తరం తీసి ఇచ్చాడు. మారెన్ చేతులు తుడుచుకుని చదివింది. ఏడో నంబరు బంకర్ రక్షిత కట్టడం. దాని తలుపు మీ ఆధీనంలో ఉన్నట్టు పరిశీలనలో తేలింది. ఈ నెల పదిహేనో తారీఖు లోపల దాన్ని యథాస్థానంలో అమర్చాలి, లేకపోతే చట్టప్రకారం చర్య. కింద, వివరాలు సేకరించినవారు అని, ఆమె పేరు.

తన పేరు రెండుసార్లు చదువుకుంది మారెన్. మొహం కందిపోయింది.

"కొలతలు సరిగ్గానే రాశావ్," అన్నాడు నిల్లాస్. "నేనూ టేపు పెట్టి చూసుకున్నా. సెంటీమీటరు తేడా లేదు."

"నేను ఇలా అవుతుందని అనుకోలేదు, నిల్లాస్."

"అనుకుంటే రాసేదానివా ఏంటి."

"గొర్రెల్నేం చేస్తావ్?"

"ముప్పై ఒకటున్నాయి. అన్నీ సూడివే. కొట్టం మొహం సముద్రం వైపు కదా. గోనెలు కట్టి చూశా నిన్న. గంటలో గాలి చింపేసింది. చెక్క తెప్పిద్దామంటే పడవ మూడు వారాలంటున్నారు." టోపీ పెట్టుకున్నాడు. "మంచు లోపల పడి ఉన్ని తడిస్తే సగం గర్భాలు పోతాయి. చూద్దాం. స్లెడ్జి షెడ్డులోనే ఉందిగా?"

కోప్పడతాడేమోనని చూసింది మారెన్. కోప్పడితే బాగుండేది. అతను స్లెడ్జి తాడు భుజానికేసుకుని వంతెన వైపు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఐలిఫ్ ఇంటికెళ్ళింది. ఐలిఫ్ చేపల ఫ్యాక్టరీలో మేస్త్రీ, పంచాయతీ సభ్యుడు, ప్రార్థన మందిరంలో పెద్ద. కాఫీ పోశాడు, చక్కెర బిళ్ళ పంటి కింద పెట్టుకుని తాగుతూ విన్నాడు.

"ఉత్తరం రాద్దాం బాబాయ్. ఊళ్ళో అందరిళ్ళలోనూ అక్కడి సామాను ఉంది, ఒక్కడికే నోటీసివ్వడం అన్యాయం అని. నలుగురు సంతకాలు పెడితే వాళ్ళే వెనక్కి తీసుకుంటారు."

"అందరిళ్ళలోనూ ఏముంది?" అన్నాడు ఐలిఫ్. అంటూనే కుర్చీ వెనక మెట్ల గొట్టం మీద చెయ్యి వేశాడు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. ఆ గొట్టం జర్మన్ల ఫిరంగి గదిలోది.

"నువ్వు పట్టుకున్నది ఉంది," అంది మారెన్.

ఐలిఫ్ చెయ్యి తీశాడు. "చూడమ్మా. మనవి లోపలున్నాయి, ఎవరి కంటా పడవు. వాడిది రోడ్డు మీదకి ఉంది. దానికి ఎర్రరంగు ఎవడెయ్యమన్నాడు వాడిని?"

"ప్రార్థన మందిరంలో చలికాచుకునే పొయ్యి సంగతేంటి మరి? దాని మీద జర్మన్ సైన్యం గద్ద గుర్తు ఇంకా కనపడుతుంది."

"అది దేవుడిది."

"దేవుడికి నోటీసు రాదంటావ్."

"వేళాకోళం కాదు మారెన్. ఒకటి బయటపెడితే అన్నీ లాగుతారు. ఊరు ఊరంతా విప్పి కొండ మీదకి మోసుకెళ్తామా? వాడికి రెండు మూడు చెక్కలు కావాలంటే ఫ్యాక్టరీలో చూస్తాలే. వారం ఆగమను."

వారం ఆగడానికి గొర్రెలు ఒప్పుకోవాలి కదా అని మారెన్ అనుకుంది గానీ అనలేదు. కాఫీ సగంలో వదిలేసి లేచింది. మా ఊళ్ళో అది తిట్టుతో సమానం.

మర్నాడు కొట్టు దగ్గర టోర్దిస్ అక్క మారెన్‌ని చూడగానే అందుకుంది. రాత్రికి రాత్రే మాట ఊరంతా తిరిగిపోయినట్టుంది.

"ఏమే, నా కొట్టు మెట్లు కూడా రాస్తావటగా? మెట్లు పీక్కుపోతే బేరం కిటికీలోంచి చెయ్యమంటావా?"

"నీవి రాస్తానని నేననలేదక్కా. సంతకం అడుగుదామని వచ్చా."

"వాడి మీద అంత జాలున్నదానివి, రాసేటప్పుడు ఆ జాలి ఎక్కడ పెట్టుకున్నావే?"

కొట్లో ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన వలతాళ్ళ ధర చూస్తున్నట్టు తలొంచుకున్నాడు. ఇంకొకావిడ నవ్వింది. మారెన్ పిండి సంచి భుజాన వేసుకుని బయటికొచ్చింది. టోర్దిస్ నోరు మంచిది కాదు, కానీ ఆ రోజు ఊళ్ళో నిజం మాట్లాడింది ఆవిడొక్కతే.

మధ్యాహ్నం బడి ఫోన్లోంచి ఆఫీసుకి చేసింది. అటువైపు ఎవరో కుర్రగొంతు, చాలా మర్యాదగా ఉంది.

"మేడమ్, మీరిచ్చిన వివరాల మీదే కదా నోటీసు వెళ్ళింది. మీరు రాసింది తప్పా?"

"తప్పు కాదు."

"తలుపు అక్కడ లేదా?"

"ఉంది."

"మరి?"

"మిగతావి కూడా ఉన్నాయి. నేను రాయలేదు."

"ఎక్కడున్నాయో తెలియదని రాశారు కదండీ." కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "తెలిస్తే రాసి పంపండి, అవి కూడా చూస్తాం. ఈ లోపల తలుపు పెట్టించి, పెట్టినట్టు మీరే సంతకం చేసి పంపాలి. మంచుకి మా వైపు నుంచి రోడ్డు మూసేశారు, మే నెలలో వస్తాం."

మారెన్ ఫోన్ పెట్టేసి, మిగిలిన ఖాళీ కాగితాలు చంకలో పెట్టుకుని, నేరుగా వంతెన దాటింది.

నిల్లాస్ అప్పటికే తలుపు దించే పనిలో ఉన్నాడు. బందుల్లో చేపనూనె పోసి, తుప్పు నానే దాకా కూర్చుని పైపు పీలుస్తున్నాడు. మందపాటి చెక్క మీద ఇనుప రేకు తాపిన తలుపు; ఇద్దరు మనుషులు మోసే బరువు. లోపల గొర్రెలు ఒకదాని పక్క ఒకటి ఒదిగి నిలబడి, తెరిచిన గుమ్మంలోంచి వచ్చే చలికి మొహాలు అటు తిప్పుకుంటున్నాయి.

"అందరివీ రాస్తా," అంది మారెన్. ఆయాసపడుతోంది. "మొదట మా ఇంటిదే రాస్తా. మా వంటింటి నేలంతా అక్కడి చెక్కే. తరవాత ఐలిఫ్‌ది, టోర్దిస్‌ది, మందిరం పొయ్యి, వరసగా. తిలా పాపం తలా పిడికెడు. అప్పుడు నోటీసులు ఎంతమందికిస్తారో చూస్తా."

నిల్లాస్ పైపు రాతికి కొట్టి దులిపాడు.

"వద్దు."

"ఎందుకొద్దు?"

"ఎవరింట్లో ఏముందో నాకు నీకంటే బాగా తెలుసు. చెప్పాలనుకుంటే యాభై ఏళ్ళ కిందటే చెప్పేవాణ్ణి. అప్పుడు బయటినుంచొచ్చి అడిగినవాళ్ళు కూడా ఉన్నారు." గునపం తలుపు కిందకి దోపాడు. "ఊళ్ళో అందరూ పాటించే పద్ధతి. నేనూ ఊళ్ళోవాణ్ణే అనుకున్నా. సరే, ఆ వైపు పట్టుకో."

మారెన్ కాగితాలు గడ్డిమోపు కింద దోపి, ఆ వైపు పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలికి అని అతను అనుకుంటే బాగుండునని అనుకుంది.

తలుపు కొట్టం గోడకానించి, ఆ ఒక్క రాత్రికి గొర్రెల ముందు రెండు పాత పడవల్ని నిలబెట్టి, వలలు కట్టి, సందుల్లో గడ్డి కుక్కారు. ఆ రోజు గాలి దయ తలిచింది. రేడియోలో శుక్రవారానికి తుఫాను అన్నారు.

బుధవారం మారెన్ బడికి చెప్పి సెలవు పెట్టింది. పదింటికి వెలుతురు వచ్చింది. తలుపుని స్లెడ్జి మీద కట్టి మంచు స్కూటర్‌కి తగిలించారు. నిల్లాస్ నడిపాడు, మారెన్ వెనక నడుస్తూ తాడు పట్టుకుని, స్లెడ్జి పక్కకి జారినప్పుడల్లా లాగి సరిచేసింది. కొండకొమ్ముకి కిలోమీటరున్నర. దారి పొడుగునా ఏమీ ఉండదు. తెల్లటి నేల, అందులోంచి అక్కడక్కడా లేచిన కాంక్రీటు మూపులు, కింద బూడిదరంగు సముద్రం. పేలిపోయిన బంకర్ల ఇనప చువ్వలకి మంచు గడ్డకట్టి వేలాడుతోంది. దక్షిణాన కొండ మీద సూర్యుడు ఒక పావుగంట అంచు చూపించి దిగిపోయాడు. రెండు నెలల చలికాలపు చీకటి తరవాత మొదటిసారి వచ్చిన సూర్యుడు. మామూలుగా అయితే ఇద్దరూ ఆగి చూసేవాళ్ళే.

ఏడో బంకర్ సముద్రానికి వీపు పెట్టి ఉంటుంది, గుమ్మం లోయ వైపు. ముందు పేరుకున్న మంచు పారతో తీశారు. గోడలో దిగేసిన లావుపాటి మేకులు అలాగే ఉన్నాయి. నిల్లాస్ తీగ బ్రష్షుతో తుప్పు గీకి, నూనె పూశాడు. గునపం మీద తలుపు లేపి, కింద చెక్కముక్కలు ఒకటొకటిగా తోస్తూ ఎత్తు పెంచారు. మూడోసారికి బందులు మేకుల మీద కూర్చున్నాయి. నిల్లాస్ ఒక వేలుతో తోశాడు. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది, చుట్టూ ఎక్కడా సందు లేదు.

"కొట్టానికి ఎప్పుడూ సరిగ్గా కుదరలేదిది," అన్నాడు. "కిందివైపు గాలి కొట్టేది."

మారెన్ కాగితం తీసి, తలుపు యథాస్థానంలో అమర్చబడింది అని రాసి, తారీఖు వేసి సంతకం చేసింది. పెన్ను గడ్డకట్టి రెండుసార్లు ఊదాల్సి వచ్చింది. అంత అన్యాయమైన సంతకం తన జన్మలో పెట్టలేదనుకుంది.

"ఇప్పుడేం చేస్తావ్?" అని అడిగింది.

"నువ్విక్కడే ఉండు. తలుపు తీసి పట్టుకో. లాంతరుంది, వెలిగించుకో." స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయాడు.

ముప్పావుగంట పట్టింది. మారెన్ కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ నిలబడింది. మొదట గంట వినిపించింది. తరవాత కొండవాలు మీద, స్లెడ్జి నొక్కిన బాట వెంటే, నిల్లాస్ స్కూటర్ నడక వేగంతో వచ్చాడు. స్లెడ్జి మీద గడ్డి మోపులు, తొట్టి. వాటి వెనకే గంట గొర్రె, దాని వెనక మిగతా ముప్పై, ఒకే వరసలో, పొట్టలు అటూ ఇటూ ఊగుతూ. గడ్డి వాసన ఎటు పోతే అవీ అటే.

మారెన్ తలుపు వారగా తీసి పట్టుకుంది. ఒక్కొక్కటీ ఆమె మోకాళ్ళకి రాసుకుంటూ లోపలికి వెళ్ళాయి. నిల్లాస్ వేలుతో లెక్కపెట్టుకుని, ఆఖరిదాని వెనక తాను వచ్చి తలుపు మూశాడు. గాలి చప్పుడు కత్తిరించినట్టు ఆగిపోయింది.

"తలుపు ఉండాల్సిన చోట ఉండాలన్నారు," అన్నాడు. "ఉంది. గొర్రెలు ఎక్కడుండాలో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. నాలుగుసార్లు చదివా."

మారెన్‌కి నవ్వొచ్చింది. మూడ్రోజుల తరవాత నవ్వడం వల్ల దగ్గు కూడా వచ్చింది. "మే నెలలో వస్తారు వాళ్ళు."

"మే నెలకి ఈనుతాయి. వచ్చినవాళ్ళకి పిల్లలు కూడా కనపడతాయి."

"ఊపిరాడుతుందా లోపల?"

"తుపాకీ కన్నాలున్నాయిగా పైన. పదకొండు మందిమి ఉన్నాం, ఒక ఆవు. ఎవరూ చావలేదు." మోపు విప్పి గడ్డి పరుస్తూ మామూలుగా అన్నాడు.

మారెన్ లాంతరు ఎత్తి పట్టుకుంది. "ఎప్పుడు?"

"ఊరు తగలబెట్టినప్పుడు. మీరంతా పడవెక్కారు. మా నాన్న ఎక్కనన్నాడు. కొండల్లో వారం దాక్కుని, జర్మన్లు పోయాక ఇందులోకొచ్చాం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నవంబర్ నుంచి ఆగస్టు దాకా ఇదే ఇల్లు. వెళ్ళేటప్పుడు నాన్న తలుపు ఊడదీసి, ఇద్దరి బరువు ఒక్కడే వీపున మోసుకెళ్ళాడు. మా ఇల్లని చెప్పుకోడానికి మిగిలింది అదే మరి."

లాంతరు వెలుగు గోడల మీద పడింది. మూడు వైపులా ఉత్త కాంక్రీటు, చెమ్మ పట్టి మెరుస్తోంది. లోపలి గోడకి మాత్రం నేల నుంచి పైదాకా చెక్కలు ఉన్నాయి. అక్టోబర్లో ఆమె కొలిచి రాసిన గోడలే అవి. గొర్రెలు అప్పటికే ఆ చెక్కల పక్కకే చేరుతున్నాయి.

"ఈ మూడు వైపులవి ఎవరు తీశారు?"

నిల్లాస్ తొట్టి సర్దాడు. ఒక గొర్రె కాలికి అంటిన మంచుగడ్డ గిల్లి తీశాడు.

"నిల్లాస్. ఎవరు తీశారని అడుగుతున్నా."

"అడగకూడదు కదా అలాగ."

"అడుగుతున్నా."

"మీ నాన్న," అన్నాడు. "జూన్లో వచ్చాడు. మేం ఇంకా ఇందులోనే ఉన్నాం. టోపీ తీసి నిలబడ్డాడు, పాపం. చంటిపిల్ల ఉంది, డేరాలో నేల తడి, పిల్లకి దగ్గు తగ్గట్లేదు అన్నాడు. తీసుకో అన్నాడు మా నాన్న. నేనూ ఒక చివర పట్టుకున్నా, రోడ్డు దాకా." చేతులు దులుపుకుని లోపలి గోడ చూపించాడు. "మర్యాదస్తుడు మీ నాన్న. మా అమ్మకి జబ్బుగా ఉండేది. ఆవిడ పడుకునే వైపు చెక్కల్ని ముట్టుకోలేదు."

ఆ చంటిపిల్ల ఎవరో చెప్పాల్సిన పని ఇద్దరిలో ఎవరికీ లేదు. మారెన్ ఏడ్చింది. దాచుకోలేదు. నిల్లాస్ ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఆమె పక్కన గడ్డి మీద పెట్టాడు.

కాఫీ తాగాక మారెన్ ఖాళీ కాగితం ఒకటి తీసి, మోకాలి మీద పెట్టుకుంది.

"ఊళ్ళోవాళ్ళవి వద్దన్నానుగా," అన్నాడు నిల్లాస్.

"వాళ్ళవి కాదు."

ఏడో నంబరు బంకర్ అని రాసింది. పోయినవి: మూడు గోడల చెక్కలు. ఇప్పుడెక్కడ: మా వంటింటి నేల. తీసినవారు: అక్కడ తండ్రి పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసింది. కాగితం మీద గడులు అక్కడితో అయిపోయాయి. మారెన్ పెన్ను ఊది, అంచున ఖాళీగా ఉన్న చోట నిలువుగా ఒక గీత గీసి ఇంకో గడి చేసింది. దాని పైన "ఎవరిని అడిగి" అని రాసి, నిల్లాస్ వైపు చూసింది.

"మీ నాన్న పూర్తి పేరు చెప్పు."

నిల్లాస్ గొర్రెల మధ్యలోంచి నడిచొచ్చి, ఆ గడి వంక చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తరవాత ఒక్కో మాటా విడిగా, ఆమె రాసుకోవడానికి వీలుగా, నెమ్మదిగా చెప్పాడు.